బేస్ క్యాంప్‌కు గంటన్నర దూరంలో మా బావ

మా బావకు ఎవరెస్ట్ మీద కోరిక పుట్టింది హిమాలయాలను చూసి కాదు, గద్వాల బస్టాండు ముందు కట్టిన ఒక ఫ్లెక్సీని చూసి.

పొద్దున్నే నాతో పాటు కాలేజీ గ్రౌండులో నడిచే ఎరువుల దుకాణం ఆసామి ఒకాయన ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దాకా నడిచి వచ్చాడు. మా దగ్గర పుట్టినరోజుకు ఫ్లెక్సీ కడతారు, చెవులు కుట్టిస్తే కడతారు, బోరులో నీళ్లు పడ్డా కట్టేవాళ్లున్నారు. అలాంటిది ఎవరెస్ట్‌కు కట్టకుండా ఉంటారా! నల్ల కళ్లద్దాలతో ఆయన, వెనక మంచు కొండ, కింద శుభాకాంక్షలు చెబుతున్న ఇరవై మంది మిత్రుల పాస్‌పోర్టు ఫొటోలు. అందులో నాదీ ఒకటి. నన్నెవరూ అడగలేదు, నేను శుభాకాంక్షలు చెప్పనూ లేదు.

బావ పురుగుమందుల కోసం గద్వాలకు వచ్చి, బస్సు దిగి, ఆ ఫ్లెక్సీ కింద నిలబడి నాకు ఫోన్ చేశాడు.

"గీయనకు మోకాళ్లు నొస్తయని నువ్వే గద చెప్తివి?"

"అవ్, నొస్తయి."

"మోకాళ్లు నొచ్చేటోడు పోయొచ్చిండంటే నేను పోలేనా?"

"నువ్వు పోగలవు బావా. కానీ ఎందుకు పోవాలె?"

"నువ్వు గూడ వస్తున్నవ్" అని పెట్టేశాడు. బావ మాట్లాడే పద్ధతి ఇదే. ప్రశ్న అడుగుతాడు, జవాబు వేరే ప్రశ్నకు చెబుతాడు.

నా సంగతి కూడా చెప్పాలి. నేను జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం లెక్చరర్ని. మన రక్తం ఆక్సిజన్‌ను ఎలా మోస్తుందో ఏటా రెండు సెక్షన్లకు బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాను. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడి మనిషికి ఏమవుతుందో కూడా పాఠంలో ఉంది. తలనొప్పి, వాంతులు, తూలడం అని వరుసగా రాయిస్తాను. పిల్లలు తప్పు రాస్తే మార్కులు కోస్తాను. ఈ సంగతి జర గుర్తు పెట్టుకోండి. తర్వాత నేను చేసిన పనికి మీకు కోపం రావాలంటే ఇది పనికొస్తుంది.

బావ మా అక్క మొగుడు. మల్దకల్ వైపు పల్లెలో సీడు పత్తి వేస్తాడు. సీడు పత్తి అంటే మామూలు పత్తి కాదు, విత్తనాల కోసం పండించేది. ఆడ సాళ్లు వేరు, మగ సాళ్లు వేరు. సాయంత్రం ఆడ మొగ్గల్లోంచి పుప్పొడి గోటితో గీరేసి గుర్తు పెట్టాలి, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి వాటికి రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. ఎండ ముదిరితే పువ్వు పనికిరాదు. ముప్పై ఏళ్లుగా ఆ పువ్వు వెనక ఉరికి ఉరికి బావకు మెల్లగా నడవడం అనేదే రాకుండా పోయింది. పెళ్లి ఊరేగింపులో కూడా గుర్రం కన్నా ముందు తానే నడిచాడని అక్క ఇప్పటికీ చెబుతుంది.

ఎండాకాలం పొలంలో క్రాసింగ్ ఉండదు, నాకు కాలేజీ ఉండదు. కనుక ఏప్రిల్ నెల ఖాయం చేశాం. తయారీ కోసమని వనపర్తి దగ్గరి తిరుమలయ్య గుట్ట నాలుగు ఆదివారాలు ఎక్కాం. బావ చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కేవాడు. నేను కొత్త బూట్లతో, చేతిలో కర్రతో, వాటర్ బాటిల్‌తో సగం దారిలో కూర్చునేవాణ్ని. దర్శనం చేసుకుని దిగుతూ వచ్చే ముసలమ్మలు నాకు మజ్జిగ ఇవ్వబోయేవారు.

ఇంట్లో అసలు పంచాయితీ బావ వాళ్ల అమ్మతో వచ్చింది. వాళ్లకు ఇంటి మీద ఇల్లు వేసే ఆచారం లేదు. తిమ్మప్ప గుడి కన్నా ఎత్తున మనిషి పడుకోకూడదని పట్టింపు. ఎంత సంపాదించినా అడ్డంగా కట్టుకుంటూ పోతారు తప్ప నిలువుగా కట్టరు. ఆమె నన్ను పిలిచి కూర్చోబెట్టి విచారణ చేసింది.

"గాడ ఏ దేవుడున్నడు?"

"దేవుడు లేడత్తమ్మా. గుడి గూడ లేదు."

"మరేముంటయి?"

"గుడారాలుంటయి. పైకెక్కేటోళ్లవి."

"అంటే అది గూడ కొస గాదా?"

"కాదు. అడుగు."

"గుడారాలు జూడనీకి గంత దూరం పోవుడా? పైసొచ్చిన మదం!" అని లోపలికి వెళ్లిపోయింది.

అక్క మాత్రం వద్దనలేదు. బయలుదేరే రోజు నన్ను వంటింట్లోకి పిలిచింది. నాకన్నా ఆరేళ్లు పెద్ద. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి. సజ్జ రొట్టెలు, పల్లీల పొడి, చింతకాయ తొక్కు మూటగట్టి, దాని మీద మరో చిన్న బట్టమూట పెట్టింది. విప్పి చూస్తే దొడ్డుప్పు, ఎండు మిరపకాయలు.

"కూరలకా?"

"దిష్టికి. ఎవరి కండ్లు ఎట్లుంటయో" అని, మూట మళ్లీ ముడేస్తూ అసలు మాట చెప్పింది. "తమ్మీ, ఆయనకు నొప్పంటే నామోషి. కాల్ల ముల్లు దిగినా నడుస్తనే ఉంటడు గని చెప్పడు. నువ్వు సదువుకున్నోనివి, మొకం జూసి తెల్సుకుంటవ్. ఆయన వద్దన్నా సరే దించుకరా. నాకు మనిషి గావాలె, ఫొటో గాదు."

"నా మీద ఇడిసిపెట్టక్కా" అన్నాను. చెయ్యి పట్టుకుని మరీ అన్నాను. ఇప్పుడు నేను రాస్తున్నదంతా ఆ మాట గురించే.

కాఠ్మండులో మా గైడ్ కలిశాడు. నలభై అయిదేళ్ల మనిషి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి, అరవడం తెలియనివాడు. ఆయన హిందీ పుస్తకాల హిందీ. మాది గద్వాల సంత హిందీ. అయినా మాటలు కలిశాయి. లుక్లాలో చిన్న విమానం కొండ అంచున దిగినప్పుడు లోపలున్న వాళ్లంతా ఏ దేవుణ్ని పడితే ఆ దేవుణ్ని పిలిచారు. బావ ఒక్కడే కిటికీలోంచి రన్‌వే చూసి, "మా పెద్ద మడి గింతకన్న పొడుగుంటది" అన్నాడు.

నడక మొదలైన దగ్గర్నుంచీ గైడ్‌ది ఒకటే మాట. మెల్లగా, మెల్లగా. ఆ కొండల్లో మెల్లగా నడిచేవాడే గట్టివాడట. బావకు ఇది వినడానికే ఎగతాళిగా ఉంది. సంచి వీపున వేసుకుని, క్రాసింగ్‌కు వేళ మించిపోతున్నట్టు ఉరికేవాడు. నేను లాడ్జికి చేరేసరికి ఆయన ఛాయ్ తాగి, లుంగీ కట్టుకుని, అరుగు మీద కూర్చుని ఉండేవాడు.

"తొవ్వల కునుకు దీసినవా బామ్మర్ది?"

నామ్చేలో ఒక రోజు ఆగాలి, ఒంటికి ఎత్తు అలవాటు కావాలని గైడ్ చెప్పాడు. బావకు కోపమొచ్చింది. పనికి పోకుండా రోజంతా కూర్చోవడానికి ఇంత దూరం రావాలా అన్నాడు. కూర్చోలేక బట్టలుతికి దండెం మీద వేశాడు. తెల్లారి చూస్తే ప్యాంటు గడ్డకట్టి కర్రలా అయింది. దాన్ని గోడకు నిలబెట్టి, "చూడు, నీకన్న ఇది నయం, సక్కగ నిలబడ్డది" అన్నాడు. నాకు అక్కడే జలుబు పట్టుకుంది. రెండు ముక్కులూ మూసుకుపోయి, ఇంటికొచ్చేదాకా తెరుచుకోలేదు. ఇది కూడా తర్వాత పనికొచ్చింది, నాశనం కావడానికి.

డింగ్‌బోచె అనే ఊరు దాటాక ఒక విచిత్రం జరిగింది. నేను ముందున్నాను, బావ వెనకున్నాడు. ఎప్పుడూ జరగని పని. వెనక్కి తిరిగి చూశాను. ఆయన ఒక బండకు ఆనుకుని నుదురు నొక్కుకుంటున్నాడు. నన్ను చూడగానే చెయ్యి తీసేసి, బూటు సర్దుకుంటున్నట్టు వంగాడు. అక్క చెప్పిన ముఖం అదే. చూసి తెలుసుకోవలసిన సమయం అదే. నిజం చెప్పాలంటే నాకు ఆ నిమిషాన సంతోషం కలిగింది. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి మా బావ కన్నా ముందు నడుస్తున్నాను.

"ఏంది బావా, కునుకు దీసినవా?" అన్నాను. ఆయన తిట్టలేదు. అప్పుడైనా నాకు అర్థం కావలసింది.

మర్నాడు మధ్యాహ్నం లోబుచె చేరాం. బావ లాడ్జి వెనక్కి వెళ్లి వాంతి చేసుకుని, నోరు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చున్నాడు. గైడ్ ఆయన వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూశాడు. అరవై ఆరు. నాది చూశాడు. ఎనభై ఒకటి. క్లిప్పు జేబులో వేసుకుని, నన్ను బయటికి రమ్మని సైగ చేశాడు.

గోడ పక్కన జడల బర్రెలు నిలబడి ఉన్నాయి. వాటి మధ్య నిలబడి గైడ్ చెప్పింది ఇది. మీ బావగారిని ఇవాళే కిందికి తీసుకుపోదాం. మూడు గంటల దారి, ఇంకా వెలుగుంది. రేపు కాదు సార్, ఇవాళే.

ఆయన చెప్పేది నాకు అక్షరం అక్షరం తెలుసు. నేను రాయించే నోట్సే అది. తలనొప్పి, వాంతులు, ఆ తర్వాత తూలడం. కానీ మర్నాడు మధ్యాహ్నానికి బేస్ క్యాంప్ వస్తుంది. రెండు సెక్షన్ల పిల్లలకు ఫొటో చూపిస్తానని చెప్పి వచ్చాను. స్టాఫ్ రూములో చెప్పాను, వాకింగ్ బ్యాచిలో చెప్పాను, బార్బర్‌కు కూడా చెప్పాను. ఎగతాళికి బావతో బయలుదేరినవాణ్ని, ఎప్పుడు పట్టుకుందో తెలియదు, బావ కన్నా నాకే పిచ్చి ముదిరింది. "సాయంత్రం దాకా చూద్దాం, ఆయన గట్టి మనిషి" అన్నాను గైడ్‌తో.

లోపలికొచ్చాక బావ అడిగాడు. "ఏమంటుండు?"

"రెస్ట్ తీస్కోమంటుండు" అన్నాను. అంతే అన్నాను. దిగమన్నాడన్న సంగతి నాలోనే ఉంచుకున్నాను.

బావ తానే ఒక కారణం చెప్పాడు. "దిష్టి తగిలింది బామ్మర్ది. మొన్న ఒక తెల్లామె నా నడక జూసి నోరు తెర్చి ఫొటో దీస్కున్నది సూడు, ఆమెదే."

నాకు ప్రాణం లేచి వచ్చింది. గైడ్ చెప్పిన కారణం కన్నా ఈ కారణం ఎంతో సుఖంగా ఉంది. దిష్టికి కొండ దిగవలసిన పని లేదు.

అక్క ఇచ్చిన మూట విప్పాను. పొద్దుగూకుతోంది. హాలు మధ్యలో ఇనుప పొయ్యి, అందులో పిడకలు మండుతున్నాయి, చుట్టూ నాలుగైదు దేశాల వాళ్లు చేతులు చాపి కూర్చున్నారు. ఒక మూలన బావను తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, ఉప్పు, మిరపకాయలు గుప్పిట్లో పట్టుకుని, ఇరవై రెండేళ్లు సైన్సు చెప్పిన లెక్చరర్ని, తల చుట్టూ తిప్పాను. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, తెల్లామె దిష్టి, జడల బర్రె దిష్టి, మంచుకొండ దిష్టి, అన్నీ పోవాలన్నాను. మూడుసార్లు ఉమ్మించి, పొయ్యి మూత ఎత్తి గుప్పెడూ అందులో వేశాను.

మా దగ్గర దీనికొక పరీక్ష ఉంది. నిప్పులో వేసిన మిరపకాయలు ఘాటు కొడితే దిష్టి లేనట్టు. ఘాటు రాకపోతే గట్టి దిష్టి తగిలినట్టు, అది పోయినట్టు. నేను ముక్కు ఎగబీల్చాను. రెండు ముక్కులూ మూసుకుపోయి ఉన్నాయి. ఏ వాసనా రాలేదు.

"ఘాటు అస్సలు రాలే బావా! మస్తు దిష్టి తగిలింది" అన్నాను.

అప్పటికే హాలంతా దగ్గుతోంది. అసలే గాలి తక్కువ ఉన్న చోటు. ఒకాయన కిటికీ తెరవడానికి లాగి లాగి చేతికి హ్యాండిల్ ఊడదీసుకున్నాడు. ఇద్దరు ఆడవాళ్లు కళ్లు మూసుకుని తలుపు కోసం తడుముకుంటున్నారు. లాడ్జి యజమానురాలు పట్టకారుతో ఉరికివచ్చి వాళ్ల భాషలో నన్ను తిట్టింది. అనువాదం అక్కర్లేకుండానే మొత్తం అర్థమైంది.

బావ కూడా దగ్గుతూ అన్నాడు. "నాకు దగ్గొస్తుంది గదరా."

"గది వేరే దగ్గు" అన్నాను.

చిత్రమేమిటంటే ఆయనకు తేలికైంది. తేలికైందని చెప్పాడు, సగం పళ్లెం అన్నం తిన్నాడు. గైడ్ మళ్లీ క్లిప్పు పెడితే డెబ్బై వచ్చింది. పెరిగింది కదా అన్నాను, మార్కులు బేరమాడే పిల్లవాడిలా. గైడ్ నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. రేపు గోరక్‌షెప్ దాకా వస్తాను, అక్కడ ఇలాగే ఉంటే మీ మాట విననని చెప్పాడు. బాధ్యత నాదే అన్నాను. ఎంత సులువుగా అన్నానో!

గోరక్‌షెప్ చివరి మజిలీ. మామూలుగా మూడు గంటల దారి, మాకు అయిదు పట్టింది. బావ కనిపించిన ప్రతి రాయి మీదా కూర్చున్నాడు. అక్కడి నుంచి బేస్ క్యాంప్ గంటన్నర. లాడ్జి కిటికీ దగ్గర ఆయన్ను కూర్చోబెట్టి వేడి నీళ్లు ఇచ్చాను. గ్లాసు పట్టుకున్నాడు కానీ తాగలేదు.

"కూలోళ్లొచ్చిన్రా?" అన్నాడు.

"ఏ కూలోళ్లు బావా?"

"మగ సాళ్లు ఎవ్వరు జూస్తుండ్రు మరి? పువ్వు వాడిపోతది. మీ అక్కను ఛాయ్ వెట్టమను."

మొదట నవ్వాను, ఎగతాళి చేస్తున్నాడనుకుని. తర్వాత ఆయన కళ్లలోకి చూశాను. నవ్వు ఆగిపోయింది. ఆగిపోయింది కానీ, అప్పటికే నేను బూట్ల తాళ్లు బిగించుకుని ఉన్నాను. చేతులకు గ్లవుజులు కూడా వేసుకున్నాను. ఇది రాయకుండా దాటేయవచ్చు. చూసినవాళ్లు ఇద్దరే, ఒకరికి గుర్తు లేదు, ఇంకొకరికి తెలుగు రాదు. కానీ గైడ్‌తో నేను అన్న మాట ఇది. "మీరు ఈయన దగ్గర కూర్చోండి. నేనొక్కణ్నే గబగబా పోయి నాలుగింటికల్లా వచ్చేస్తా. దారి తెలుస్తూనే ఉంది, జనం పోతున్నారు."

గైడ్ బావ చెయ్యి పట్టుకుని లేపి బయటికి తీసుకుపోయాడు. ఆ లాడ్జి ముందంతా ఇసుక. చేతికర్రతో ఇసుకలో పది అడుగుల గీత గీసి, ఒక కాలి వేళ్లకు రెండో కాలి మడమ ఆనించి దాని మీద నడవమన్నాడు.

మా బావ మందు ట్యాంకు వీపున వేసుకుని, జానెడు వెడల్పు గట్టు మీద, అటు నీళ్లు ఇటు పైరు ఉండగా, బీడీ ముట్టించుకుంటూ నడిచే మనిషి. తాడు పట్టకుండా సాలు వేస్తే చివరిదాకా వంకర ఉండదు. ఆ మనిషి మూడో అడుగుకు పక్కకు పడిపోయాడు. లేచాడు. నవ్వాడు. మళ్లీ మొదలుపెట్టి రెండో అడుగుకే ఇంకో పక్కకు పడ్డాడు. ఇసుకలో కూర్చునే, "అయిపాయె గద?" అని అడిగాడు. పడ్డానని ఆయనకు తెలియదు.

నాకు భయమేసింది. అంత భయం మా నాన్న పోయినప్పుడు కూడా వేయలేదు. వంటింట్లో నేను పట్టుకున్న అక్క చెయ్యి గుర్తొచ్చింది. ఏడ్చాను కూడా. గైడ్ నా భుజం మీద తట్టి, ఏడుపు కిందికి పోయాక, ముందు గుర్రం పట్టాలి అన్నాడు.

మబ్బు కమ్మి ఉంది, హెలికాప్టర్ రాదన్నారు. గుర్రం దొరికింది. బావను దాని మీద కూర్చోబెట్టి, జారిపోకుండా నా శాలువాతో జీనుకు కట్టాం. ఒక పక్క గైడ్, ఒక పక్క నేను. వెనక్కి తిప్పుతున్నామని బావకు ఎలాగో అర్థమైంది. ఇక మొదలుపెట్టాడు తిట్లు. నన్ను, నన్ను కన్నవాళ్లను, నాకు ఉద్యోగం ఇచ్చిన సర్కారును, మా వంశంలో పుట్టిన పిల్లను చేసుకున్న తన ఖర్మను, అందరినీ వరుసబెట్టి తిట్టాడు. ఆ తిట్లు వింటుంటే నాకు ధైర్యంగా ఉండేది. ఆయన గొంతు ఆగితే తల ముందుకు వాలిపోయేది. అందుకని నేనే రెచ్చగొట్టేవాణ్ని.

"బావా, ఈసారి మీ పాలోళ్ల సీడే బాగొచ్చిందంట గద? నీదే తాలు వోయిందంట?"

"ఎవడన్నడ్రా!" అని తల లేచేది. మళ్లీ ఒక పావుగంట నడిచేది. దాయాదుల మీద పగ మనిషిని ఇంతసేపు బతికించి ఉంచగలదని ఆ రోజే చూశాను. వాళ్ల పత్తి అయిపోయాక వాళ్ల బోరు, బోరు అయిపోయాక వాళ్ల అల్లుళ్లు. లోబుచె దాటాం, ఇంకా దిగాం. చీకటి పడేలోపు ఫెరిచె చేరాం. అక్కడ కొండెక్కేవాళ్ల కోసం చిన్న దవాఖాన ఉంది.

డాక్టరమ్మ విదేశీయురాలు. ఆక్సిజన్ పెట్టింది, సూది వేసింది, ఇంకో పూట ఆలస్యమైతే మీరు ఒక్కరే ఇంటికి పోయేవారు అంది. తర్వాత కాగితం తీసుకుని అడిగింది. ఎప్పుడు మొదలైంది? నిన్ననే వాంతి అయితే, దిగిపొమ్మని మీకు ఎవరూ చెప్పలేదా?

గైడ్ నా పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఎవరూ చెప్పలేదు" అన్నాను.

ఆమె తలెత్తి గైడ్ వైపు చూసింది. ఆ చూపు ఆయన మీద పడింది, నా వల్ల పడింది. ఆయన తన టోపీ తీసి, దాని మీది మంచు దులుపుకుంటూ నిలబడ్డాడు. నేను నోరు తెరిచి సరిదిద్దుకోవడానికి కావలసినంత సేపు దులుపుకున్నాడు. నేను నోరు తెరవలేదు.

తెల్లారి బావ కళ్లు తెరిచి, "నాష్టకేముంది?" అన్నాడు. గోరక్‌షెప్ గుర్తు లేదు, గుర్రం గుర్తు లేదు, గీత గుర్తు లేదు. నన్ను తిట్టిన తిట్లలో ఒక్కటీ గుర్తు లేదు. ఇసుకలో పడ్డాడని, గుర్రం మీద దించామని మాత్రం చెప్పాను. లుక్లాలో విడిపోయేటప్పుడు గైడ్‌కు చేతులు జోడించి తప్పయిందన్నాను. ఆయన నా చేతులు దించి, మీ అక్కగారికి నా నమస్తే చెప్పండి అన్నాడు. తిట్టి ఉంటే ఆ నమస్తే అక్కకు అందించి ఉండేవాణ్నేమో.

ఇంటికొచ్చాం. అరుగు నిండా జనం. బావ మధ్యలో కూర్చుని మొదలుపెట్టాడు.

"ఇంగ గంటన్నర పోతే బేస్ క్యాంపు. గప్పుడు మా బామ్మర్దికి తల తిరిగింది. ఇసుకల పడిపాయె. నేను పోతనంటె పోవచ్చు, ఎవడాపుతడు? గాని మా ఇంటామెకు తమ్ముడు గావాలె గదా. గుర్రం మీద ఏస్కొని దించుకొచ్చిన."

నేను నిర్ఘాంతపోయి చూశాను. ఆయన నా వైపు చూడలేదు. జనం నన్ను జాలిగా చూశారు. లెక్చరర్ కదా, కూర్చుని చెప్పే ఉద్యోగం, ఒంట్లో పస ఉండదు అన్నాడొకడు. అక్క నా ముందు ఛాయ్ గ్లాసు ఠక్కున పెట్టింది.

"ఆయన్ను జూడమని నిన్ను పంపితే, ఆయన నిన్ను మోస్కరావల్సొచ్చెనా? సిగ్గు లేదురా నీకు?"

ఛాయ్ తాగాను. బావ చెప్పే అబద్ధం వెనక నా అబద్ధం దాక్కోవడానికి చోటు దొరికింది. నా ముఖం పోయినా ఫరవాలేదు, గోడ పక్కన గైడ్ చెప్పిన మాట బయటికి రాకపోతే చాలనుకున్నాను. వాకింగ్ బ్యాచిలో కూడా అదే కథ పాకింది. ఎరువుల దుకాణం ఆయన నాకు మోకాళ్ల వ్యాయామాలు నేర్పుతానన్నాడు.

క్రాసింగ్ రోజులు వచ్చాయి. ఒక ఆదివారం పొద్దున పొలానికి వెళ్లాను. ఆడవాళ్లు వరుసల్లో వంగి పువ్వులు రుద్దుతున్నారు. బావ వాళ్లతో పాటే ఉరుకుతున్నాడు. నన్ను చూసి చేతిలో మగ పువ్వుల బుట్టతోనే గట్టు మీదికొచ్చి కూర్చున్నాడు.

"బామ్మర్ది, జర నిజం చెప్పు. గా దినం నాకేం యాదికి లేదు. నేను జెప్పేదంత ఉత్తదే. యాదికి లేదంటే మీ అక్క పరేషానైతది, దవాఖానల చుట్టు తిప్పుతది. గందుకే నీ మీదికి దోసిన. అసల్కేమైంది?"

చెప్పాను. గీత మీద రెండుసార్లు పడ్డాడని చెప్పాను. బూట్లు బిగించుకున్న సంగతి చెప్పాను. డాక్టరమ్మతో అన్నది చెప్పాను. ఆయన ఒక పువ్వు తీసి రేకులు ఒక్కొక్కటే తుంపుతూ విన్నాడు.

"గైడు ముందు దినమే దిగమన్నడా?"

"అన్నడు."

"నువ్వు నాకు చెప్పలే."

"చెప్పలే."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను. ఆయన రేకులన్నీ అయిపోయిన పువ్వును చూసి, పక్కన పడేసి అన్నాడు. "నీకు తల తిరిగుంటే నేను గూడ నీకు చెప్పకపోతుంటి. గంత దూరం వోయినంక ఎవడు దిగుతడు? మనిద్దరం ఒకటే. మనతోని మీ అక్క రావల్సుండె." బుట్ట ఎత్తుకుని సాళ్లలోకి వెళ్లిపోయాడు. ఎండ ముదురుతోంది.

ఆయన క్షమించాడో, నన్ను తనతో జమకట్టి శిక్ష వేశాడో నాకు తెలియలేదు. ఆయన అలా అన్నంత మాత్రాన నాకు ఊరట కలగలేదు. మాట ఇచ్చింది ఆయనకు కాదు.

అక్కకు ఈ సంగతి ఇప్పటిదాకా తెలియదు. నేను ఎక్కడ ఏం రాసినా తెప్పించుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, చివరి అక్షరం దాకా చదువుతుంది. బావకు చదివే ఓపిక లేదు కనుక ఆపేవాళ్లు కూడా ఉండరు. ఇక్కడిదాకా వచ్చావంటే నీకు తెలిసిపోయింది అక్కా. పడిపోయింది ఆయన. ఆయన్ను దించింది గైడ్. దిగమని చెప్పినా పైకి నడిపించింది నేను. ఆదివారం వస్తున్న. ఆయన్ను ఏమనకు, నన్నే అను.